వాడిన బోన్సాయ్ ముందు కాసేపు ఆగండి

ప్రియమైన పాఠక మిత్రులకు,

శ్రావణం వచ్చింది, వానలు పడుతున్నాయి, మీ పెరళ్ళూ బాల్కనీలూ పచ్చబడి ఉంటాయి. ఈసారి గులాబీ కొమ్మల కత్తిరింపు గురించి రాస్తానని కిందటి ఉత్తరంలో చెప్పాను. దాన్ని వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాను, ఏమనుకోకండి. వేసవి మొదలైన దగ్గర్నుంచి మీలో చాలామంది ఒకటే బాధ రాస్తున్నారు: ముచ్చటపడి కొనుక్కున్న బోన్సాయ్ ఆకులు రాల్చేస్తోంది, ఏం చెయ్యాలి అని. వారిలో ఒక కుర్రవాడి చెట్టు సంగతి మీకు వివరంగా చెప్పాలనిపించింది. ఆ ఒక్క చెట్టుకు వచ్చిన కష్టంలో మిగతా వాళ్ళ చెట్ల కష్టాలన్నీ ఉన్నాయి.

అతనిది విజయవాడ. కొత్తగా ఉద్యోగంలో చేరి ఒక అపార్ట్‌మెంట్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. గృహప్రవేశానికి స్నేహితులంతా కలిసి ఫైకస్ బోన్సాయ్ ఇచ్చారు. చెట్లు పెంచడం అతనికి అదే మొదలు. హాల్లో టీవీ పక్కన పెట్టుకున్నాడు. కొన్నాళ్ళు బాగానే ఉంది. మే నెలలో ఆకులు పసుపు తిరిగి రాలడం మొదలైంది. కంగారుపడి, రోజుకు ఒకసారి పోసే నీళ్ళు రెండుసార్లు పోశాడు. బలం చాలలేదేమోనని 19:19:19 ఎరువు ఒక చెంచాడు వేశాడు. దాని మీద గుప్పెడు వర్మీకంపోస్టు. ఎవరో పురుగు పట్టిందంటే పురుగుమందు కొట్టాడు. హాల్లోంచి వంటింటి కిటికీలోకి, అక్కణ్ణుంచి మిట్టమధ్యాహ్నపు ఎండ పడే మేడ మీదికి మార్చాడు. వారం తిరిగేసరికి సగం ఆకులు పోయాయి. అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

‘‘ఏం చేసినా ఇంకా దిగజారిపోతోందండీ. అసలు బతుకుతుందంటారా?’’

‘‘నాయనా, ఇవాళ దాన్ని ఎండలోంచి నీడకు తెచ్చి పెట్టు. కుండీ కింద పళ్ళెం ఉంటే తీసెయ్. ఆదివారం నేను వచ్చి చూసేదాకా ఇంకేమీ చెయ్యకు’’ అన్నాను.

నేను ఈ ఉత్తరంలో మీకు చెప్పదలచుకున్నది ప్రధానంగా అదే. జబ్బుపడిన బోన్సాయ్‌లు జబ్బు వల్ల పోయేదానికంటే మన తొందర వల్ల పోయేదే ఎక్కువ. ఒకేరోజు నాలుగు వైద్యాలు చేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో ఎప్పటికీ తెలియదు. అసలు కారణం ఏమిటో కనిపెట్టి, దాన్ని ఒక్కదాన్నీ సరిచేసి, చెట్టుకు సమయం ఇవ్వాలి. కొత్తవాళ్ళకు అన్నిటికంటే కష్టమైన పని ఆ సమయం ఇవ్వడమే.

ముందుగా తెలుసుకోవలసింది అది ఏ చెట్టు అన్నది. బోన్సాయ్ అనేది చెట్టు పేరు కాదు, పెంచే పద్ధతి పేరు. చింత, రావి, మర్రి, జువ్వి, కాగితం పూల చెట్టు, జూనిపర్, జేడ్, అడీనియం, అన్నీ బోన్సాయ్‌లు అవుతాయి. ఒక్కోదాని తత్వం ఒక్కోలా ఉంటుంది. మన దగ్గర బహుమతులుగా చేతులు మారే వాటిలో ఎక్కువ భాగం ఫైకస్ మైక్రోకార్పా. ఇది మన మర్రికీ జువ్వికీ చుట్టమే. ఉబ్బిన దుంప వేళ్ళు మట్టిపైకి తేలి కనిపించేదాన్ని జిన్సెంగ్ ఫైకస్ అని అమ్ముతారు. అందులో మాను అనుకునేది నిజానికి లావెక్కిన వేరు. దానిమీద చిన్న ఆకుల రకాన్ని అంటు కడతారు. పై అంటు చచ్చిపోయినా అడుగునుంచి కాస్త పెద్ద ఆకులతో చిగుళ్ళు వస్తాయి. రూపం మారుతుంది గానీ చెట్టు బతికే ఉంటుంది. ఫైకస్ జాతికి ఉన్న గొప్ప గుణం ఇది: ఒక్క ఆకు లేకుండా మోడైపోయినా, వేళ్ళలో జీవం ఉంటే ముదురు మాను మీద నుంచి కూడా చిగురిస్తుంది. జూనిపర్ అలా కాదు. పచ్చదనం మొత్తం పోయిన కొమ్మ మళ్ళీ చిగురించదు. పైగా వేళ్ళు చచ్చిపోయిన వారాల తరువాత గానీ దాని ఆకు గోధుమరంగుకు తిరగదు. అందుకే చెట్టు పేరు తెలియకుండా వైద్యం మొదలుపెట్టకూడదు.

రెండోది, బతికి ఉందా లేదా అన్నది. ఇందుకు గోరు చాలు. కొమ్మ చివర బెరడును కొంచెం గీకండి. కింద తడిగా, లేత పచ్చగా కనిపిస్తే ఆ కొమ్మ బతికి ఉన్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే అక్కడివరకు పోయినట్టు. చివర పోయిందని దిగులుపడకుండా కొంచెం కొంచెం కిందికి వస్తూ గీకి చూడండి. మాను మొదలుదాకా ఎక్కడా పచ్చ లేకపోతే ఇక ఆశ లేదు, ఆ నిజాన్ని ఒప్పుకోవాలి. ఫైకస్‌లో ఇంకో సులువు ఉంది. జీవం ఉన్నచోట గీకితే పాలు కారతాయి. ఆ పాలు కంటికి తగలకుండా చూసుకోండి, చేతులు కడుక్కోండి. ఆదివారం ఆ కుర్రవాడి ఇంట్లో మేము మొదట చేసింది ఇదే. కొసకొమ్మలు రెండు ఎండిపోయాయి. మూడో కొమ్మ మీద గీత పెట్టగానే పాలబొట్టు వచ్చింది. అది చూసి అతని ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను.

ఇక కారణం. ఆకులు వాడి రాలడానికి నీళ్ళు తక్కువైనా అవుతుంది, ఎక్కువైనా అవుతుంది. కొత్తవాళ్ళు పొరబడేది ఇక్కడే. వేరుకు నీళ్ళతోపాటు గాలి కూడా కావాలి. మట్టి రేణువుల మధ్య ఉండే ఖాళీల్లోని గాలినుంచే వేళ్ళు ప్రాణవాయువు తీసుకుంటాయి. ఆ ఖాళీలు ఎప్పుడూ నీళ్ళతో నిండి ఉంటే వేళ్ళకు ఊపిరాడదు. ఊపిరాడని వేళ్ళ మీద పిథియం, ఫైటోఫ్తోరా లాంటి సూక్ష్మజీవులు దాడి చేసి కుళ్ళబెడతాయి. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు. అంటే కుండీ నిండా నీళ్ళున్నా పైనున్న ఆకులు దాహంతోనే వాడతాయి. వాడిన ఆకు చూసి మనం ఇంకా నీళ్ళు పోస్తాం. బతికున్న నాలుగు వేళ్ళూ దాంతో పోతాయి.

రెంటికీ తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. నీళ్ళు చాలని చెట్టు ఆకులు పొడిగా ఉండి, చేత్తో నలిపితే గలగలమంటూ విరుగుతాయి. కుండీ ఎత్తి చూస్తే తేలిగ్గా ఉంటుంది. నీళ్ళు ఎక్కువైన చెట్టు ఆకులు పసుపు తిరిగి మెత్తగా ఉండగానే ముట్టుకుంటే రాలతాయి. మట్టి మీద పాకుడు పడుతుంది. కుండీ చిల్లు దగ్గర ముక్కు పెట్టి చూస్తే కుళ్ళు వాసన వస్తుంది. ఇంకా అనుమానమైతే కబాబులు గుచ్చే వెదురు పుల్ల ఒకటి మట్టిలో అడుగుదాకా గుచ్చి, పది నిమిషాలుంచి తీయండి. పుల్ల ఎంతవరకు తడిసి ముదురు రంగు తిరిగిందో చూస్తే లోపలి సంగతి తెలుస్తుంది. పైన ఎండినట్టు కనిపించే మట్టి కింద ఎంత తడిగా ఉంటుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

మన కుర్రవాడి కుండీ పైన తెల్లటి గులకరాళ్ళు జిగురుతో అతికించి ఉన్నాయి. చూడ్డానికి బాగుంటుందని అలా చేస్తారు, రవాణాలో మట్టి ఒలకకుండా కూడా. వాటివల్ల మట్టి తడి ఆరదు, ఎంత తడిగా ఉందో మన కంటికి కనిపించదు. అడుగున చిల్లు బంకమట్టితో పూడుకుపోయింది. కింద పళ్ళెంలో ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉండేవట. మీ కుండీ పైన అలాంటి రాళ్ళు ఉంటే, చెట్టు ఆరోగ్యంగా ఉన్నా సరే, ఇవాళే ఊడదీసెయ్యండి.

కుండీ లోతు గురించి కూడా ఒక మాట చెప్పాలి. నీళ్ళు పోసి, చిల్లులోంచి కారడం ఆగిపోయాక కూడా కుండీ అడుగున కొంత మందాన మట్టి నీళ్ళతో నిండిపోయి ఉంటుంది. ఆ మందం ఎంతన్నది మట్టి రేణువుల పరిమాణాన్ని బట్టి ఉంటుంది గానీ కుండీ లోతును బట్టి కాదు. సన్నటి మట్టిలో ఎక్కువ, గరుకు మట్టిలో తక్కువ. అడుగు లోతు కుండీలో బంకమట్టి పోస్తే పైసగమైనా ఆరుతుంది. అదే మట్టిని రెండు మూడు అంగుళాల లోతున్న బోన్సాయ్ కుండీలో పోస్తే మొత్తం తడే. దీన్ని గిన్నెలు తోమే స్పాంజితో పరీక్షించుకోవచ్చు. తడి స్పాంజిని అడ్డంగా పట్టుకుని, నీళ్ళు కారడం ఆగాక నిలువుగా తిప్పండి. మళ్ళీ కారతాయి. కాబట్టి పెరట్లోని ఎర్రమట్టి మామూలు కుండీకి పనికొచ్చినా బోన్సాయ్ పళ్ళేనికి పనికిరాదు. అడుగున కంకర పరిస్తే నీళ్ళు దిగిపోతాయనుకోవడం కూడా సరికాదు. నీళ్ళు ఆ కంకర దాకా వచ్చి దానిపై మట్టిలోనే నిలుస్తాయి. వేళ్ళకు మిగిలే చోటు ఇంకా తగ్గుతుంది.

మేము చెట్టును కుండీలోంచి తీశాం. మట్టి ముద్దగా వచ్చింది, అడుగుభాగం నల్లగా ఉంది. బక్కెట్లో నీళ్ళు పెట్టి మెల్లగా కడిగాం. ఫైకస్ వేళ్ళు మామూలుగానే ఎర్రటి గోధుమరంగులో ఉంటాయి, కొనలు మాత్రం తెల్లగా ఉంటాయి. రంగు చూసి కుళ్ళిందనుకుని మంచివి కోసెయ్యకండి. వేలితో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే మంచి వేరు. కుళ్ళినది మెత్తగా ఉంటుంది, పట్టి లాగితే తోలు ఊడి చేతికొచ్చి లోపల సన్నటి నార మిగులుతుంది. సర్జికల్ స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో కుళ్ళినవాటిని మంచి భాగం తగిలేదాకా కత్తిరించాలి. గట్టిగా ఉన్నదాన్ని ఒక్కదాన్ని కూడా వదులుకోకూడదు. అతని చెట్టుకు అడుగు వేళ్ళన్నీ పోయాయి. పైవరసలో వేళ్ళు బాగానే ఉన్నాయి. ఫైకస్‌కు అది చాలు.

ఇలా వేళ్ళు కడిగి నాటడం వేడీ తేమా ఉన్న రోజుల్లో చేస్తే ఫైకస్ తొందరగా తేరుకుంటుంది. మన ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశించాక వానలు అందుకునే రోజులు దీనికి మంచివి. మేము చేసింది కూడా అప్పుడే. రోహిణి కార్తె ఎండల్లోనూ, పుష్యమాసపు చలిలోనూ మామూలుగా అయితే చెయ్యకూడదు. కానీ వేరు కుళ్ళుతున్నప్పుడు మంచి రోజులకోసం ఆగితే చెట్టు మిగలదు. ఇది అత్యవసరం కిందికి వస్తుంది. కుళ్ళు లేదు, మట్టి మాత్రమే బాగోలేదు అన్నప్పుడు మాత్రం సరైన కాలం వచ్చేదాకా ఆగాలి. ఇంకో సంగతి. కాగితం పూల చెట్టు వేళ్ళు చాలా సున్నితం, వాటిని ఇలా కడగకూడదు.

కొత్త మట్టి ఇలా కలుపుకోండి: బాగా కాలిన ఇటుకను దంచిన ముక్కలు రెండు పాళ్ళు, గరుకు ఏటి ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఆకు ఎరువు అర పాలు. ముక్కలు పెసరగింజకూ శనగగింజకూ మధ్య సైజులో ఉండాలి. దుమ్మునంతా జల్లెడ పట్టి పారెయ్యాలి, ఆ దుమ్మే ఖాళీలను పూడ్చేస్తుంది. సరిగ్గా కాలని ఇటుక నీళ్ళకు నాని బురదైపోతుంది కాబట్టి ముక్కను ఒక రాత్రి నీళ్ళలో వేసి చూసుకోండి. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, దాని జోలికి వెళ్ళకండి. చెట్టు కోలుకునేదాకా అందమైన పింగాణీ కుండీ కూడా పక్కన పెట్టేయండి. చిల్లుల ప్లాస్టిక్ బుట్ట గానీ, కాస్త లోతున్న మట్టి కుండీ గానీ మేలు. నాటాక చెట్టు కదలకుండా తీగతో కుండీకి కట్టాలి. గాలికి ఊగుతుంటే కొత్తగా పుట్టే వేరు కొనలు తెగిపోతాయి. తరువాత చిల్లులోంచి తేటనీరు వచ్చేదాకా నీళ్ళు పోయాలి.

నాటిన చెట్టును తూర్పు బాల్కనీలో వెలుతురు బాగా ఉండి ఎండ నేరుగా తగలని చోట పెట్టించాను. వేళ్ళు తక్కువగా ఉన్న చెట్టు నీళ్ళు ఎక్కువ తాగలేదు, కాబట్టి ఆకులనుంచి తేమ పోకుండా కాపాడాలి. అందుకు పలచని ప్లాస్టిక్ కవరును పుల్లల మీద గుడారంలా నిలబెట్టి, పైన చిన్న సందు వదిలాం. ఎండలో మాత్రం కవరు కప్పకూడదు, లోపల చెట్టు ఉడికిపోతుంది. ‘‘ఆకులు మిగిలినవి కూడా తీసేస్తే భారం తగ్గుతుందేమోనండీ?’’ అని అడిగాడు. మంచి ప్రశ్న. తియ్యకూడదు. ఆ ఆకులు తయారుచేసే ఆహారంతోనే కొత్త వేళ్ళు పుడతాయి. పూర్తిగా ఎండిన కొమ్మలు తప్ప మరేదీ కత్తిరించకూడదు. కొమ్మలు వంచడానికి చుట్టిన తీగ బెరడులోకి దిగుతుంటే దాన్ని ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీసెయ్యాలి. కొత్త తీగ చుట్టడం, రూపం దిద్దడం, అవన్నీ వచ్చే ఏడాది మాట.

ఎరువు కూడా వద్దు. వేరు దెబ్బతిన్నప్పుడు మట్టిలో లవణాలు పెరిగితే నీళ్ళు వేరులోకి వెళ్ళడానికి బదులు వేరులోంచి బయటికి వస్తాయి. జ్వరంతో పడుకున్నవాడికి పెళ్ళి భోజనం వడ్డించకూడదు కదా, ఇదీ అంతే. కొత్త ఆకులు విచ్చుకుని గట్టిపడ్డాక, డబ్బా మీద రాసిన మోతాదులో పావువంతు, పదిహేను రోజులకొకసారి మొదలుపెడితే చాలు.

ఆ తరువాత రోజూ చెయ్యవలసింది నీళ్ళ సంగతి చూడడం ఒక్కటే. జపాన్‌లో బోన్సాయ్ పెంపకందారులు నీళ్ళు పోయడం నేర్చుకోవడానికే మూడేళ్ళు పడుతుందంటారు. అది అతిశయోక్తి కాదు. రోజుకింత అని లెక్క పెట్టుకుని పోస్తే వానరోజూ ఎండరోజూ ఒకటే అయిపోతాయి. ప్రొద్దున్నే వేలితోనో పుల్లతోనో చూడాలి. పైన అరంగుళం ఆరితే చిల్లులోంచి కారేదాకా పోయాలి, కాసేపాగి మరోసారి పోయాలి. ఆరకపోతే ఊరుకోవాలి. మట్టి పూర్తిగా ఎండిపోయి, పోసిన నీళ్ళు కుండీ అంచుల వెంట జారిపోతుంటే మాత్రం కుండీని టబ్బులో అంచుదాకా ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి తియ్యాలి.

మీరు పోసే నీళ్ళు ఎలాంటివో కూడా చూసుకోండి. హైదరాబాద్‌లోనూ రాయలసీమలోనూ చాలాచోట్ల బోరునీళ్ళలో లవణాలు ఎక్కువ. కుండీ అంచున, మాను మొదట్లో తెల్లటి పొర కడుతుంటే అదే. లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదని గుర్తు. మట్టిలో క్షారం పెరిగితే ఇనుమున్నా వేరు తీసుకోలేదు. నెలకోసారి మామూలు కంటే ఎక్కువ నీళ్ళు పోసి లవణాలను కడిగెయ్యాలి. వాననీళ్ళు పట్టి పోస్తే అంతకంటే మేలు లేదు, ఇప్పుడు వానాకాలమే కదా. ఆర్ఓ ఫిల్టరు వదిలేసే నీళ్ళు వృథా పోతున్నాయని మొక్కలకు పోసే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ నీళ్ళలో లవణాలు మామూలు నీళ్ళ కంటే ఎక్కువ. వాటితో ఇల్లు తుడవండి, బోన్సాయ్‌కు పోయకండి.

నిజంగా పురుగే పట్టిన చెట్లూ ఉంటాయి. మందు కొట్టబోయేముందు చూడాలి. కణుపుల దగ్గర తెల్లటి దూదిలా కనిపిస్తే పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. చీమలు బారులు కట్టి ఎక్కుతుంటే పిండినల్లి ఉందేమోనని వెతకండి. అది కార్చే తీపి కోసం చీమలే దాన్ని కాపాడతాయి. ఆకు కింద తెల్లకాగితం పెట్టి తట్టినప్పుడు రాలిన నలుసులు కదులుతుంటే ఎర్రనల్లి. ఎండ ఎక్కువగా ఉండే పొడి రోజుల్లో వస్తుంది. ఆకుల అడుగువైపు వరసగా కొన్నాళ్ళు నీళ్ళు చిమ్మి కడిగితే చాలావరకు తగ్గుతుంది. ఫైకస్ ఆకు మధ్య ఈనె వెంట రెండుగా ముడుచుకుపోతే లోపల తామర పురుగులుంటాయి. ఆ ఆకులు తుంచి సంచిలో మూటకట్టి పారెయ్యండి. వేపనూనె కొట్టాలంటే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి, ఎండ తగ్గాక సాయంత్రం కొట్టండి. విజయవాడ కుర్రవాడి చెట్టు మీద ఒక్క పురుగు కూడా లేదు. దానికి పురుగుమందు అనవసరంగా పడింది.

మిగతా చెట్ల గురించి క్లుప్తంగా రాస్తాను. అడీనియం దుంప గానీ జేడ్ కాండం గానీ మెత్తబడితే కుళ్ళంతా మంచి కండ తగిలేదాకా కోసి, నీడలో కొన్నాళ్ళు గాయం ఆరనిచ్చి, పొడి మట్టిలో నాటి, ఆ తరువాతే నీళ్ళు. రావి ఏటా మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలుస్తుంది, అది జబ్బు కాదు, కంగారుపడకండి. జూనిపర్‌కు చలికాలపు విశ్రాంతి కావాలి. మన మైదానాల ఎండకు అది ఏళ్ళ తరబడి నిలవడం కష్టం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు కడియం నర్సరీల వైపు వెళ్ళినప్పుడు జూనిపర్ కోసం వెతక్కుండా చింత, జువ్వి, మర్రి మొక్కలు తెచ్చుకోండి. మన ఎండకు అలవాటైన చెట్లు కొత్తవాళ్ళ చేతుల్లో కూడా నిలుస్తాయి. మన చెట్లు బోన్సాయ్‌గా ఎంత బాగుంటాయో చూడాలంటే మైసూరు దత్తపీఠంలోని కిష్కింధా మూలికా బోన్సాయ్ తోటకు వెళ్ళి చూడండి.

ఏ చెట్టయినా సరే, హాల్లో ఏసీ కింద పెట్టేది కాదు. మనకు వెలుతురుగా అనిపించే గది చెట్టుకు చీకటే. అతిథులు వచ్చినప్పుడు ఒక పూట లోపలికి తెచ్చి, మళ్ళీ బయట పెట్టెయ్యండి.

ఆ కుర్రవాడి అమ్మమ్మగారు నన్ను పక్కకు పిలిచి, ‘‘ఇంట్లో మరుగుజ్జు చెట్టుంటే ఎదుగుదల ఉండదంటారు కదమ్మా, అందుకే ఎండిపోతోందేమో, పంపించేయమంటున్నా వినడం లేదు’’ అన్నారు. మీ ఇళ్ళలోనూ పెద్దవాళ్ళు ఈ మాట అంటారని నాకు తెలుసు. వారికి నేను చెప్పింది మీకూ చెబుతాను. బోన్సాయ్‌ని తిండి పెట్టకుండా మాడ్చి చిన్నది చెయ్యరు. వేళ్ళూ కొమ్మలూ ఎప్పటికప్పుడు కత్తిరిస్తూ, మట్టి మారుస్తూ, పొలంలో చెట్టు కంటే ఎక్కువ శ్రద్ధగా పోషిస్తారు. ఆరోగ్యం లేని చెట్టు ఆ కత్తిరింపులను తట్టుకోలేదు. బాగా చూసుకున్న బోన్సాయ్ పువ్వు పూస్తుంది, కాయ కాస్తుంది, మనిషి కంటే ఎక్కువ కాలం బతకగలదు.

అమెరికాలో వాషింగ్టన్ నగరంలోని నేషనల్ ఆర్బొరేటమ్‌లో ఒక తెల్ల పైన్ బోన్సాయ్ ఉంది. 1625 నుంచి కుండీలో పెరుగుతోంది. హిరోషిమాలో యమకి కుటుంబం దాన్ని తరతరాలుగా పెంచింది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు ఆ ఇల్లు అక్కడికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. తోట గోడ చాటున ఉన్న చెట్టు బతికింది. 1976లో జపాన్ అమెరికాకు స్నేహకానుకగా ఇచ్చిన 53 బోన్సాయ్‌లలో ఆ కుటుంబం దాన్నీ ఇచ్చింది. ఈ చరిత్ర ఆర్బొరేటమ్ వారికి 2001లో యమకి మనవలు వచ్చి చెప్పేదాకా తెలియదు. దాదాపు నాలుగు వందల ఏళ్ళు ఆ చిన్న కుండీలోని మట్టి ఆరకుండా ఎవరో ఒకరు రోజూ చూసుకున్నారు. మరో సంఘటన 2019 జనవరిలో జరిగింది. జపాన్‌లోని కవాగుచిలో ఒక బోన్సాయ్ తోటలో ఏడు చెట్లు దొంగలపాలయ్యాయి. వాటిలో నాలుగు వందల ఏళ్ళ జూనిపర్ ఒకటి. ఆ తోట దంపతులు దొంగలను ఉద్దేశించి, దయచేసి వాటికి నీళ్ళు పోయండి అని వేడుకుంటూ, ఎలా చూసుకోవాలో రాసి పెట్టారు. పోయిన సొత్తు గురించి కాకుండా చెట్ల దాహం గురించి బాధపడిన ఆ మనసుకు నేను చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

మన కుర్రవాడి చెట్టు సంగతికి వస్తాను. నాటిన తరువాత ఇంకొన్ని ఆకులు రాలాయి. అలా రాలుతాయని ముందే చెప్పి ఉంచాను కాబట్టి అతను ఓర్చుకున్నాడు. ఆషాఢం చివర్లో కణుపుల దగ్గర మొనలు తేలాయి. ఇప్పుడు కొమ్మకు నాలుగైదు కొత్త ఆకులున్నాయి. కవరును కొద్దికొద్దిగా తెరుస్తూ పూర్తిగా తీసేశాడు. ఉదయం ఎనిమిదింటిదాకా ఎండ చూపిస్తున్నాడు. కోలుకుంది అనడానికి ఇంకా సమయం ఉంది. వచ్చే ఫాల్గుణానికి అది ఆకులతో గుబురుగా నిలబడితే అప్పుడు అంటాను. అమ్మమ్మగారు మాత్రం రోజూ పొద్దున్నే పుల్ల గుచ్చి తడి చూసి, ఇవాళ నీళ్ళు పోయాలో వద్దో మనవడికి చెబుతున్నారట.

మీ ఇంట్లోనూ అలాంటి చెట్టు ఉంటే చెత్తబుట్టలో వేసేముందు గోటితో ఒకసారి గీకి చూడండి. పచ్చ కనిపిస్తే నాకు రాయండి. రాసేటప్పుడు నాలుగు సంగతులు తప్పకుండా చెప్పండి: అది ఏ చెట్టు, ఎక్కడ పెట్టారు, ఏ నీళ్ళు ఎలా పోస్తున్నారు, జబ్బు మొదలయ్యాక ఇప్పటిదాకా ఏమేం చేశారు. ఏదీ దాచకండి, మొహమాటపడకండి. ఆకుల ఫొటోతోపాటు కుండీ అడుగు చిల్లు ఫొటో కూడా పంపండి. ఒక్కొక్కరికీ జవాబు రాస్తాను. నా జవాబు అందేదాకా చెట్టును నీడలో పెట్టి, ఎరువూ మందూ వెయ్యకుండా ఉండండి.

ఉంటాను.

ఇట్లు
మీ శ్రేయోభిలాషి